నల్ల లెదర్ గ్లవ్స్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇటాలియన్ హారర్ సినిమాల్లో హంతకుల చేతులకుండే నల్ల లెదర్ గ్లవ్స్ గారికి,

నమస్కరించి రాయునది. మొన్న ఆదివారం అన్నం తిన్నాక, ఓ అరగంట చూసి పడుకుందాంలే అని ‘ప్రొఫోందో రోస్సో’ పెట్టాను. 1975 సినిమా, చూడ్డం మూడోసారి. పడుకోలేదు సరికదా ఇంట్లో పరువు కూడా పోయింది.

మీ మిగతా వేషాలు నాకు అలవాటేనండి. 1964లో డైరెక్టర్ మారియో బావా గారు ఫ్యాషన్ హౌస్‌లో మోడళ్ళని వరసపెట్టి మీ చేత చంపించినప్పుడే చూశాం కదా, శవం పడిన చోట కూడా లైటింగ్ కుదరాలి, చచ్చేవాళ్ళు కూడా ఫొటోకి ఫోజిచ్చినట్టు చావాలి. రక్తం సంగతి వదిలేయండి, మా గేటుకి వేసిన ఎనామిల్ పెయింటే ఇంకాస్త నమ్మేలా ఉంటుంది. పెదాలు ఒకటంటే మాట ఇంకోటంటుంది, పర్లేదు, తమిళ డబ్బింగులు చూసి పెరిగిన ప్రాణం. జే అండ్ బీ విస్కీ సీసా అన్ని సినిమాల్లోకీ ఎలా దూరుతుందో కూడా అడగను.

నా గొడవంతా ‘ప్రొఫోందో రోస్సో’లో ఆ కారిడార్ గురించి.

ఆ పియానో వాయించే హీరో కిటికీలో హత్య చూసి పైకి పరిగెడతాడు కదా, కారిడార్ గోడల నిండా పాలిపోయిన మొహాల పటాలు, వాటిని దాటుకుంటూ వాడు పోతాడు, వాడి వెనకే మనమూ పోతాం. ఇక అక్కణ్ణుంచి సినిమా అంతా ఇక్కడేదో పటం ఉండాలే, ఏమైంది అని వాడు బుర్ర గోక్కోడం, మనం గోక్కోడం. చివరికి తేలిందేంటి, అది పటం కాదు, అద్దం. (50 ఏళ్ళ సినిమాకి స్పాయిలరేంటండీ, ఎవరో చెప్పలేదుగా.) అందులో ఉన్నది చంపినవాళ్ళ మొహం. అంటే మొదట్లోనే చూపించేశారు! మొదటిసారి ఇదేదో మోసం అని వెనక్కి తిప్పి చూస్తే, నిజంగానే ఉంది. రెండోసారి అన్నీ తెలిసి కూడా మిస్సయ్యా.

ఈసారి వదలకూడదని టీవీకి మూరెడు దూరంలో స్టూలేసుకుని, చేతిలో రిమోట్ పట్టుకుని కూర్చున్నా. కారిడార్ వచ్చింది. అబ్బ, ఆ పటాలు ఎంత బావున్నాయో అనుకుంటుండగానే దాటిపోయింది. వెనక నుంచి మా ఆవిడ టీ ఇస్తూ, “ఆ బొమ్మల మధ్యలో నిజం మొహం ఉంది కదా, ఎవరది?” అంది. ఈ సినిమాలంటేనే ఒళ్ళుమంట తనకి. రెండు సెకన్లు చూసింది, అంతే.

ఛీ, మీ మొహం మండ! తిడదామంటే మీకు మొహం కూడా లేదాయె, చేతులేగా. పోనీ ఆ చేతులైనా హంతకులవా అంటే, క్లోజప్పుల్లో మీలో దూరినవి డైరెక్టర్ దారియో అర్జెంటో గారి సొంత చేతులట. చూపించిందీ ఆయనే, కళ్ళు మూసిందీ ఆయనే, ఇంకెవరితో చెప్పుకోవాలి నేను? ఆయనదే ఇంకో సినిమా ‘సుస్పిరియా’కీ ఇంతే, కథేంటని అడిగితే చెప్పలేను, ఆ ఎరుపు కోసం అర్ధరాత్రి దాకా కూర్చోమంటే కూర్చుంటా.

వచ్చే ఆదివారం మళ్ళీ పెడుతున్నా. ఈసారి టీ ముందే నేనే పెట్టుకుంటా.

ఇట్లు,
మీ చేతిలో మూడుసార్లు పోయినవాడు