పైన పటారం, లోన పిచ్చుక గూడు

దెబ్బతిన్న పాత యుద్ధవిమానాన్ని బాగుచేయాలా, తుక్కుకు వేయాలా అన్న ధర్మసంకటం మ్యూజియంలను దశాబ్దాలుగా పీడిస్తున్నదని పెద్దలు చెబుతూనే ఉన్నారు. సంకటం ఉన్న మాట నిజమే గానీ, ధర్మం ఎక్కడున్నదో ఎంత వెదికినా నాకు కనిపించలేదు. ఎందుకంటే చాలా మ్యూజియంలు ఆ రెండింటిలో ఏదీ చేయవు. అవి మూడో మార్గం ఒకటి కనిపెట్టి, దానినే నిష్ఠగా అనుసరిస్తున్నాయి. ఆ మార్గం పేరు పెయింటు.

ఈ విధానం గొప్పతనం దాని సరళత్వంలో ఉన్నది. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ వదిలేసిన విమానానికి కాక్‌పిట్ అద్దం పసుపెక్కి, సన్నని బీటలు పడి, లోపలేమున్నదో కనిపించని స్థితికి వస్తుంది. అద్దం మార్చడం ఖర్చు కనుక దానిమీద లేత నీలిరంగు పూస్తారు. దూరం నుంచి చూసేవారికి అది ఆకాశం ప్రతిఫలిస్తున్న గాజులా కనిపిస్తుందని నమ్మకం. పైలట్‌కు బయట ఏమీ కనిపించదు కదా అని ఎవరైనా అడిగితే, పైలట్ ఎలాగూ లేడు కదా అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. చీలికలు పడిన టైర్లకు నిగనిగలాడే నల్లరంగు వేస్తారు. ఆ పక్కన బోర్డు మీద ‘పూర్తిగా పునరుద్ధరించబడినది’ అని రాస్తారు. ఈ బోర్డు చదివిన ప్రతిసారీ, అందులో అబద్ధం కానిది ‘బడినది’ ఒక్కటేనని నాకు అనిపిస్తుంది.

ఇనుముకు పట్టే తుప్పు నిజాయితీ గలది. ఎర్రగా బయటికి వచ్చి కనిపిస్తుంది. విమానాలలో వాడే అల్యూమినియం మిశ్రమలోహం అలా కాదు. రెండు రేకులు రివెట్లతో కలిసే చోట నీరు చేరి, లోహం లోలోపలే తినుకుపోయి, ఉబ్బి, పొరలు పొరలుగా లేచి, చివరికి తెల్లటి పొడిగా రాలుతుంది. దానికి తోడు పక్షి రెట్టలు. చక్రాలలో మెగ్నీషియం మిశ్రమం ఉంటే అది మరీ తొందరగా పోతుంది. ఇలాంటి దాని మీద శుభ్రం చేయకుండా ఎనామెల్ వేయడమంటే లోపలి తేమ బయటికి పోకుండా తలుపు వేసి గడియ పెట్టడమే.

ఇటువంటి మహత్తర నిర్ణయాలు ఎలా జరుగుతాయో తెలియనివారి కోసం ఒక కమిటీ సమావేశాన్ని ఊహించి చెబుతాను. ఊహే అయినా ఇందులో అతిశయోక్తి తక్కువ. ఇంజనీరు సభ్యుడు లేచి, రెక్కను మోసే ప్రధాన దూలం తినుకుపోయిందనీ, వెంటనే విమానాన్ని ఒక పైకప్పు కిందికి చేర్చాలనీ విన్నవించుకుంటాడు. పైకప్పు అన్న మాట వినగానే సభ మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని భంగపరచడానికి అధ్యక్షులవారు ‘రంగు సంగతి ఏమిటి?’ అని అడుగుతారు. అంతే, సభకు ప్రాణం లేచి వస్తుంది. లేత బూడిదరంగా, ముదురు బూడిదరంగా అన్న దానిమీద గంటల తరబడి వాదన. ఒకరు తిరుగులేని సాక్ష్యంగా ఆనాటి ఫోటో బయటికి తీస్తారు. అది నలుపు తెలుపు ఫోటో. ఇంకొకరు ముక్కు మీద సొరచేప కోరలు గీయిస్తే పిల్లలు ఇష్టపడతారంటారు. ఆ విమానానికి ఏనాడూ సొరచేప కోరలు లేవని ఇంజనీరు చెప్పబోతే, ‘మీరు ప్రతిదానికీ అడ్డుపడుతున్నారు’ అని సున్నితంగా మందలిస్తారు. కోరలు ఏకగ్రీవంగా ఆమోదం పొందుతాయి. రెక్క దూలం గురించి ‘సభ్యుని ఆందోళనను నమోదు చేయడమైనది’ అని రాసుకుంటారు. ఇంతలో ఇంజను గాలిద్వారంలో పిచ్చుక గూడు ఉన్నదన్న వార్త వస్తుంది. దానిమీద ఒక ఉపసంఘం ఏర్పడుతుంది. ఉపసంఘం నివేదిక వచ్చేలోగా పెయింటరు తన పని పూర్తిచేసుకుని, గూటికి కూడా అదే రంగు వేసి వెళ్ళిపోతాడు. ఆ పునరుద్ధరణ మొత్తంలో నిర్మాణపరంగా దృఢంగా ఉన్న భాగం అదొక్కటే.

డబ్బున్నవారి సంప్రదాయం దీనికి పూర్తిగా భిన్నం. వారికి విమానం అక్కర్లేదు, దాని గుర్తింపు రేకు చాలు. కూలిన చోట తవ్వితే దొరికిన అరచేతంత రేకు మీద క్రమసంఖ్య ఉంటే, దాని చుట్టూ కొత్త రెక్కలు, కొత్త ఒళ్ళు, కొత్త తోక కట్టి, 1940లో పోరాడిన బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ ఇదేనని మన ముందు నిలబెడతారు. అది ఎగురుతుంటే ఆ ఇంజను శబ్దానికి నా ఒళ్ళు కూడా పులకరిస్తుంది, దాచను. కొత్త విమానం కట్టుకోండి, ఎగరండి, ఎవరు వద్దన్నారు. పోరాడింది ఆ రేకు మాత్రమేనని చెప్పండి చాలు. పాతదానినే ఎగరేసి తీరుతామన్న పట్టుదల ఎక్కడికి చేరుస్తుందో గ్రీన్‌లాండ్ మంచులో చూశాం. 1947లో అక్కడ గడ్డకట్టిన సరస్సు మీద దిగిన బి-29 బాంబర్ ‘కీ బర్డ్’ సుమారు అర్ధశతాబ్దం దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నది. 1995లో దానికి ఇంజన్లు బిగించి, ఎగరడానికి కదిలిస్తుండగా లోపల ఇంధనం కారి మంటలు లేచాయి, విమానం కాలిపోయింది. అంతకాలం మంచు చేయలేని పని ఉత్సాహం ఒక్క పూటలో చేసింది.

అసలు ఈ వివాదానికి జవాబులన్నీ రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ హాలిఫాక్స్ బాంబర్ దగ్గరే దొరుకుతాయి. 6,000కు పైగా తయారైన ఈ విమానాలలో యుద్ధంలో పోగా మిగిలినవాటిని ఆ తరువాత బ్రిటన్ తుక్కు చేసింది. చివరికి పశ్చాత్తాపం కలిగి వెతుక్కోవలసి వచ్చింది. యార్క్‌షైర్‌లో ఉన్నదానిని, ఒక దీవిలో కోళ్ళగూడుగా వాడుకుంటున్న విమానపు ఒంటి ముక్కకు హేస్టింగ్స్ అనే మరో రకం విమానపు రెక్కలు తగిలించి కట్టారు. కెనడాలోని ట్రెంటన్‌లో ఉన్నదానిని 1995లో నార్వేలోని మ్యోసా సరస్సు అడుగు నుంచి తీసి పూర్తిగా బాగుచేశారు. మూడోది లండన్ హెండన్ మ్యూజియంలో ఉన్నది. 1942 ఏప్రిల్‌లో జర్మన్ యుద్ధనౌక తిర్పిట్జ్ మీద దాడికి వెళ్ళి, దెబ్బతిని, నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద దిగి మునిగిన ఆ విమానాన్ని 1973లో వెలికితీసి, చితికిన స్థితిలోనే ఉంచారు. మూడింటిలో కోళ్ళగూడును నేను ప్రేమిస్తాను, ట్రెంటన్‌ది చూసి ఆశ్చర్యపడతాను. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేది హెండన్‌లోని శిథిలమే. దానికి ఎవరూ సొరచేప కోరలు గీయలేదు.

తుక్కువాదుల మాటనూ తీసిపారేయను. స్టిర్లింగ్ బాంబర్లు 2,000కు పైగా తయారైతే ఈనాడు సంపూర్ణంగా ఒక్కటీ మిగలలేదని వారికి గుర్తుచేస్తాను, అంతే. అమెరికన్ బి-17 బాంబర్ ‘మెంఫిస్ బెల్’ను 1946లో 350 డాలర్లకు కొని మెంఫిస్ నగరం కత్తెర నుంచి తప్పించింది, ఆపైన దశాబ్దాలు ఆరుబయట నిలబెట్టి, జ్ఞాపికలు ఏరుకునేవారికి అప్పగించింది. 2005లో అది డేటన్‌లోని వైమానికదళ మ్యూజియంకు చేరితే, అక్కడ బాగుచేసి ప్రదర్శనకు పెట్టేసరికి 2018 అయింది. పైకప్పు వేయలేని మ్యూజియం వేయగలిగినవారికి విమానాన్ని ఇచ్చేయవచ్చు. ఎవరూ తీసుకోకపోతే విప్పి, ప్రతి భాగాన్నీ ఫోటో తీసి, సంఖ్య రాసి, అదే రకం విమానాన్ని బాగుచేసుకుంటున్నవారికి పంపి, మిగిలిన రేకును తూకానికి వేయవచ్చు. అది సిగ్గుపడవలసిన పని కాదు. కానీ విమానాన్ని ఇచ్చేస్తే అతిథుల వెనుక ఫోటోలో ఏముంటుంది?

1942 జూన్ 4న పసిఫిక్‌లోని మిడ్వే దగ్గర జపాను నౌకల మీదికి వెళ్ళిన ఒక అమెరికన్ డౌంట్‌లెస్ బాంబర్ 200కు పైగా తూట్లతో తిరిగి వచ్చి, ఒకే చక్రం మీద దిగింది. వెనుక కూర్చున్న గన్నర్ గాయపడ్డాడు. పైలట్ గొంతుకు కట్టుకున్న మైక్రోఫోన్‌ను ఒక తూటా ఎగరగొట్టింది. అంగుళం ఇటు వస్తే గొంతే ఉండేది కాదు. వారితో వెళ్ళినవారిలో చాలామంది తిరిగి రాలేదు. 1943లో శిక్షణలో ఉండగా మిషిగన్ సరస్సులో మునిగిన ఆ విమానాన్ని 1994లో తీశారు. పెన్సకోలాలోని నౌకాదళ మ్యూజియం దానిని బాగుచేసినప్పుడు ఆ తూట్లకు వేసిన రేకు అతుకులను కనిపించేలాగే ఉంచింది, ఎందుకంటే అక్కడివారికి బుద్ధి ఉన్నది. అదే మన పెయింటు కమిటీ చేతికి చిక్కి ఉంటే? పుట్టీ! ప్రతి తూటుకూ పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, నున్నగా చేసి, ‘చూడండి, కొత్తదానిలా ఉన్నది’ అని చంకలు గుద్దుకునేవారు. కొత్తదానిలా ఉండడానికి ఆ మనుషులు అందులో కూర్చున్నారా? ఒక కుర్రవాడి పక్కటెముకల పక్కగా దూసుకుపోయిన తూటా చేసిన కన్నం అది. ఆ రోజుకు మిగిలిన సంతకం అదొక్కటి. దానిని పూడ్చే హక్కు మీకెవరిచ్చారు? వానకు విమానాన్ని వదిలేసినవారికి డబ్బు లేదనుకుని క్షమించగలను. పుట్టీ కత్తి పట్టినవారిని క్షమించలేను. వారికి డబ్బున్నది, సమయమున్నది, వెలుతురున్న హాలున్నది, ముందు నిలబడి ఆ కన్నంలోకి చూసే తీరికా ఉన్నది. చూసి కూడా పూడ్చారు.