డబ్బు పడిందంటారు, పుస్తకంలో కనపడదు

కరోనా లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో, పీఎం కిసాన్ కింద 2,000 రూపాయలు వేశారు. అది కొత్త సాయమేం కాదు, ఏడాదికిచ్చే 6,000లో ఒక కంతు. మదనపల్లె టమోటాకు నారు, కట్టెలు, పురికొస, మందులు లెక్కేస్తే ఏ మూలకొస్తుంది?

అదైనా చేతికందాలి కదా! ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, భూమి రికార్డు అయిన 1బీలో పొడి అక్షరమే ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. అన్నీ సరిపోయినా ఎన్‌పీసీఐ (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో లెక్క పెట్టే జాతీయ చెల్లింపుల సంస్థ) తిప్పలు. ఆధార్ పద్ధతిలో వేసే డబ్బు మనం జిరాక్స్ ఇచ్చిన ఖాతాకు పోదు, ఆధార్‌కు చివరగా సీడింగ్ అయిన, అంటే జోడించిన, ఖాతాకు పోతుంది. గ్యాస్ సబ్సిడీకని ఎప్పుడో తెరిచిన జీరో ఖాతాలో అది మూలుగుతుంటే, రైతు ఇంకో బ్యాంకులో పుస్తకం ప్రింటు కొట్టించుకుని ఉత్తచేతులతో వస్తాడు. "పడింది పో" అనేవాళ్లు ఏ బ్యాంకులో పడిందో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!

కౌలు రైతుది మరీ అన్యాయం. పీఎం కిసాన్ భూమి పేరున్నవాళ్లకే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 దాకా నడిచిన వైఎస్సార్ రైతు భరోసాకు 11 నెలల సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రం) కావాల్సి వచ్చేది, దానికి భూయజమాని సంతకం కావాల్సి వచ్చేది. భూమి చేజారుతుందేమోనన్న భయంలో ఎంతమంది యజమానులు సంతకం పెడతారు? కోత కూలి కూడా రాక కాయను చేలోనే కుళ్లబెట్టుకున్నది కౌలుదారు, డబ్బు పడింది బెంగళూరులో ఉన్న ఆసామికి.