మధ్యేమార్గం మావయ్యగారు

ఇద్దరు మగవాళ్లకి పెళ్లేమిటని కస్సుమనే వాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లు ఒక్కసారి కాదంటారు, మనం విని ఇంటికి పోతాం. నా ప్రాణం తీసేది రెండో రకం వాళ్లు. "నాకేటీ అభ్యంతరం లేదోయ్. కలిసి ఉంటారా, శుభ్రంగా ఉండమను. కానీ పెళ్లనడం దేనికి? సివిల్ యూనియన్ అని, పెళ్లి పేరెత్తకుండా జంటకి చట్టం ఇచ్చే గుర్తింపు ఏదో ఉందట కదా, అది పుచ్చుకుని ఊరుకోకూడదా?" అని, పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకుంటూ సర్దుబాటు చెప్పే పెద్దమనుషులు. ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో వీధికొకరు దొరుకుతారు. బరంపురంలో ఇంటికొకరు. వీళ్లందరినీ కలిపి మధ్యేమార్గం మావయ్యగారు అందాం, పని సులువవుతుంది.

స్వలింగ జంటల పెళ్లిని చట్టం గుర్తించాలన్న కేసు మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో వాదనలు మొదలైన రోజు నుంచీ మావయ్యగారు ఈ పెరుగన్నం సిద్ధాంతాన్నే వినిపిస్తున్నారు. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో, అభయ్‌ల జంట ముందు నిలబడి నడిపిన కేసది. అక్టోబరు 17న 366 పేజీల తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. మావయ్యగారు మీసం దువ్వారు. అయితే ఆయన పేపరు మడిచేసిన చోటే అసలు కథ ఉంది. పెళ్లి సరే, కనీసం ఈ జంటల బంధాన్ని గుర్తించి హక్కులివ్వాలని చంద్రచూడ్, కౌల్ రాశారు. కుదరదని రవీంద్ర భట్, హిమా కోహ్లీ, నరసింహ రాశారు. అంటే ఆ రోజు 3-2 తేడాతో ఓడిపోయింది సాక్షాత్తూ మావయ్యగారి మధ్యేమార్గమే.

ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్న సివిల్ యూనియన్ పోయిందే, ఆయన అన్నం మానేస్తారేమో, కలెక్టరాఫీసు ముందు టెంటు వేస్తారేమో అని ఎదురుచూశాను. "కోర్టే వద్దంది కదోయ్, మనమేటి చేస్తాం" అని ఇంకో గరిటె పెరుగు వేయించుకున్నారు. పెళ్లి అడిగితే యూనియన్ చూపిస్తారు, యూనియన్ అడిగితే కోర్టును చూపిస్తారు. ఆయన దగ్గర ఉన్న సరుకంతా ఇదే.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసేదీ ఈయనే. పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగును పుస్తకాల్లోకి తేవాలని ఆయన పోరాడుతుంటే అప్పటి పండితులు ఏమన్నారు? మీ ఇళ్లలో ఎలాగైనా మాట్లాడుకోండి, కాగితం మీద మాత్రం పెట్టకండి అన్నారు. సరిగ్గా మావయ్యగారి వాదన. దండ వేసిన చేత్తోనే, కాపురం చేసుకోండి గానీ రిజిస్టరులో రాయించుకోకండి అంటారు.

పెళ్లంటే అనాదిగా వస్తున్న పద్ధతి అని ఆయన గొంతు సవరించుకున్నప్పుడల్లా నాకు మా అత్తయ్యగారు గుర్తొస్తారు. ఆవిడ మావయ్యగారి సొంత అక్క కూతురు. మనకి ఇది వింత కాదు, మేనరికం. కానీ మా వీధిలో మూడొంతులు ఒడియా వాళ్లు. మేనమామ అంటే తండ్రి తర్వాత తండ్రి అనుకునే ఇళ్లవి. సంగతి తొలిసారి తెలిసినప్పుడు పక్కింటి మావుసి మొహం చూడాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా మేనమామ, మేనకోడళ్ల పెళ్లిని నిషిద్ధాల్లోనే రాసి, ఆచారం ఉంటే పర్వాలేదని పక్కన ఒక మినహాయింపు పెట్టింది. ఆ మినహాయింపులో కూర్చునే మావయ్యగారు పిల్లల్ని కన్నారు, వాళ్లకి పెళ్లిళ్లు చేశారు, షష్టిపూర్తి చేయించుకున్నారు. మీది పెళ్లి అనకండి, 'మేన యూనియన్' అనుకోండి అని ఆయన పందిట్లో ఎవరూ సలహా ఇవ్వలేదు.

ఇదంతా పట్నంలో డబ్బున్నవాళ్ల సరదా అని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. పట్నమంటే మరి కోరాపుట్ అయి ఉండాలి. 2006లో ఆ జిల్లాలోని ఒక కంధ గిరిజనుల పల్లె ఇద్దరు ఆడవాళ్లకి పెళ్లి చేసింది. ముందు ఊరు కాదంది, తర్వాత తప్పు కట్టించుకుంది, ఆ పైన అందరూ కూర్చుని విందు తిన్నారు. రాజ్యాంగ ధర్మాసనం లేదు, అఫిడవిట్లు లేవు.

మావయ్యగారి బుర్రలో మాత్రం కొత్త ఆలోచనలకి లోటు లేదు. పెళ్లిళ్ల వ్యవహారం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం సొంతంగా యూనియన్ చట్టం చేసుకోవచ్చుగా అంటున్నారు. బాగుంది. ఒడిశా చేసిందనుకుందాం, ఆంధ్ర చేయలేదనుకుందాం. పర్లాకిమిడిలో ఒక జంట పాతపట్నం నీలమణి దుర్గమ్మ దర్శనానికి బస్సెక్కింది. కూతవేటు దూరంలోనే సరిహద్దు. కండక్టరు లేచి గొంతెత్తుతాడు. "యూనియన్ వాళ్లెవరండీ, ఇక్కడ దిగాలి. మీరు కూర్చోండి బాబూ, మీ యూనియన్ దిగితే చాలు." యూనియన్ దిగుతుంది. జంట కాస్తా రూమ్‌మేట్లయి, సీటు మధ్యలో సంచీ పెట్టుకుని ముందుకు సాగుతుంది. అమ్మవారి గుడిలో పూజారి గోత్రం అడిగితే ఇద్దరూ స్నేహితుల గోత్రం చెబుతారు. తిరుగు ప్రయాణంలో అదే చెట్టు కింద యూనియన్ కాసుకుని కూర్చుని ఉంటుంది, ఎక్కించుకోవాలి. వెనక సీటు ముసలమ్మ అడుగుతుంది, "రానూపోనూ టిక్కెట్టులో కాపురం కూడా కలిపేనా నాయనా?" లగేజీ కింద కొడతానంటాడు కండక్టరు. కొఠియా పల్లెల్లో అయితే బస్సు కూడా అక్కర్లేదు. అవి ఒడిశావా ఆంధ్రావా అని దశాబ్దాల తగువు, జనం దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. పొద్దున్న పొట్టంగి నుంచి బీడీవో వస్తే దంపతులు, మధ్యాహ్నం సాలూరు నుంచి తహసీల్దారు వస్తే పేయింగ్ గెస్టులు. రెండు రాష్ట్రాలూ మాదంటే మాదని కొట్టుకునే చోట, ఈ జంటను మాత్రం ఇద్దరూ మీదంటే మీదని తోసుకోవచ్చు.

నవ్వులాటకి అనడం లేదు. అమెరికాలో 2000లో వెర్మాంట్ రాష్ట్రం సివిల్ యూనియన్ ఇచ్చింది, చాలా రాష్ట్రాల్లో గీత దాటగానే అది చెల్లేది కాదు. మెట్టు మెట్టుగా వెళ్లాలోయ్ అని మావయ్యగారు డెన్మార్క్‌ను చూపిస్తారు. 1989లో రిజిస్టర్డ్ భాగస్వామ్యం, 2012లో పెళ్లి. నిజమే, వాళ్లు ఎక్కారు. మొదటి మెట్టు కట్టి ఎక్కారు.

మనకి మెట్టు బదులు కమిటీ వచ్చింది. ఈ జంటల హక్కుల సంగతి చూడమని క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన 2024 ఏప్రిల్‌లో వేశారు. ఆగస్టు చివర్లో ఆర్థిక శాఖ ప్రకటన: ఈ జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి అడ్డేమీ లేదు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు. ఎంత దయ! మా బజార్లో బియ్యం కొట్టు భాగస్తులిద్దరు ఎప్పటినుంచో నడుపుతున్న ఖాతా అది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు కూడా. ఎవరూ ఆపని పనిని ఎవరూ ఆపరని దేశానికి చాటి చెప్పారు. పోనీ నామినీ వల్ల ఒరిగేదేమిటి? నామినీ డబ్బు అందుకుంటాడు గానీ వారసుడు కాడని సుప్రీంకోర్టే చెప్పి ఉంది. అందుకున్న డబ్బు తీసుకెళ్లి అన్నదమ్ముల చేతిలో పోయాలి. మావయ్యగారు ఆ ప్రకటన కత్తిరించి దాచుకున్నారు. "చూశావా, ఇస్తున్నారు" అన్నారు.

ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి రాసిన లేఖ గురించి ఆయన మాట్లాడలేదు. భాగస్వామి చనిపోతే శవాన్ని తీసుకెళ్లవచ్చునట. సమీప బంధువులు అందుబాటులో లేకపోతే.

లేకపోతే! ఇరవై ఏళ్లు ఒక కప్పు కింద బతికి, మందులు వేసి, మంచం మీద ఒళ్లు తుడిచిన మనిషి మార్చురీ గుమ్మంలో నిలబడి, ఎవరూ రాకూడదు దేవుడా అని మొక్కుకోవాలి. పిల్లాణ్ణి బెల్టుతో కొట్టి ఇంట్లోంచి గెంటేసిన అన్న ఆటోలో దిగితే చాలు, శవం వాడిది. తలకొరివి వాడిది. గదిలో మంచం, బీరువా, పాసుపుస్తకం కూడా వాడివే. ఈ మనిషిని అవతలికి జరగవయ్యా అంటారు, ఎవరు నువ్వు అంటారు. చెప్పడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు, ఎందుకంటే ఆ కాగితం ఇస్తే వివాహ వ్యవస్థ కూలిపోతుంది. అక్క కూతుర్ని చేసుకుంటే కూలలేదు. కట్నానికి కోడళ్లని తగలబెడితే కూలలేదు. అరవయ్యేళ్ల మనిషి తన వాడి శవం కోసం సంతకం పెడితే కూలుతుందా? మీ మధ్యేమార్గం ఆ మార్చురీ దాకా వస్తుందా మావయ్యగారూ? పెరుగన్నం తినేసి నింపాదిగానే రండి, బాడీ సాయంత్రం దాకా ఇవ్వరులెండి.

పెళ్లే గొప్పదని నేను అనడం లేదు. కులం చూసి, కట్నం తూచి చేసే ఆ తంతు మాకెందుకు అనే వాళ్లు ఆ జంటల్లోనే ఉన్నారు. పెళ్లి బదులు జంటలు రాసుకునేలా ఫ్రాన్స్ 1999లో తెచ్చిన పౌర ఒప్పందంలో ఇప్పుడు చేరేవాళ్లలో అత్యధికులు ఆడ, మగ జంటలే. అలా అందరి ముందూ రెండు కాగితాలు పెట్టి ఏది కావాలో తీసుకోమంటే అది ఎంపిక. ఒక్కటీ ఇవ్వకుండా దీంతో సరిపెట్టుకో అనడాన్ని ఏమంటారో మావయ్యగారే చెప్పాలి.

ఆ తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ వార్త చదివి మావయ్యగారు కాసేపు కళ్లు మూసుకుని, తెరిచి, ఇంకో మార్గం కనిపెట్టారు. ఇద్దరిలో ఒకడు రెండోవాణ్ణి దత్తత తీసుకుంటే పోలా? చట్టం తీసి చూశాం. దత్తతకి వెళ్లేవాడికి పదిహేనేళ్లు నిండి ఉండకూడదట, ఆచారం ఉంటే తప్ప. ప్రస్తుతం ఆయన ఆ ఆచారం ఎక్కడుందో వెతికిస్తున్నారు.