పదివేల వరహాల పాట: ఆడిట్ అభ్యంతరాలు

పాటలో పేరున్న మనిషి నిజంగా ఎవరని ఆరా తీసేవాళ్లు మామూలుగా ఏ ప్రియురాలినో, ఏ పాత పగనో వెతుకుతారు. తెలుగువాళ్లకు ఆ శ్రమ అక్కర్లేదు. మనకు నోటికొచ్చిన పాట వెనక ఉన్న అసలు మనిషి ఒక తహసీల్దారు. ఆయన పాడింది ఖర్చుల జాబితా.

పేరు కంచర్ల గోపన్న. స్వస్థలం నేలకొండపల్లి. ఉద్యోగం పాల్వంచ పరగణాలో. సిఫార్సు మేనమామలు అక్కన్న, మాదన్నలది. యజమాని గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, మనం తానీషా అనుకునే ఆయన. అభియోగం: శిస్తు సొమ్ము ఖజానాకు జమ కట్టకుండా భద్రాచలంలో గుడికి పెట్టడం. దీనిమీద మూడు శతాబ్దాలుగా భజనలు జరుగుతున్నాయి గానీ ఆడిట్ ఇంతవరకూ జరగలేదు.

ముందుగా పత్రం. ‘ఇక్ష్వాకు కులతిలక’ అని మొదలవుతుంది. తేదీ లేదు, ఫైలు నంబరు లేదు. చిరునామాదారు పేరు ఒకసారి రాస్తే చాలు. ఇందులో పంక్తి పంక్తికీ చివర రామచంద్రా అని ఉంది. కాగితం వృథా. సంతకం మాత్రం సక్రమంగా ఆఖరి చరణంలో ఉంది: రామదాసు. రికార్డుల్లో ఉద్యోగి పేరు గోపన్న కాబట్టి, ఇద్దరూ ఒకరేనని ధ్రువపత్రం జతచేయాలి.

ఇక పద్దులు. బాగా వాడుకలో ఉన్న పాఠం ప్రకారం: చుట్టూ ప్రాకారం, పదివేల వరహాలు. భరతుడికి పచ్చల పతకం, పదివేల వరహాలు. సీతమ్మకు చింతాకు పతకం, పదివేల వరహాలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం, పదివేల మొహరీలు. శత్రుఘ్నుడికి మొలతాడు, అదీ పదివేల మొహరీలే.

ఆడిట్‌లో కొత్తగా చేరిన గుమస్తాకు చెప్పే మొదటి మాట: సున్నాలతో ముగిసే బిల్లును రెండుసార్లు చూడు. రాళ్లూ సున్నమూ కూలీలూ పట్టే గోడకూ, కంసాలి దగ్గర కూర్చుని చేయించే పతకానికీ ఒకే ధర ఎలా పడింది? దీనికి సంగీత విద్వాంసులు ఇచ్చే సమాధానం ఒకటుంది. ‘తొమ్మిదివేల ఏడొందల నలభై మూడు వరహాలు’ అంటే తాళంలో ఇమడదట. అంటే తాళం కోసం లెక్క సర్దారన్నమాట. నేరం అంగీకరించినట్టే.

రెండో చిక్కు నాణేలది. వరహా సుమారు మూడున్నర గ్రాముల బంగారం. మొహరీ దాదాపు పదకొండు గ్రాములు. రెండింటినీ ఒకే వరసలో పెట్టి కూడితే ఏ ఖజానా అధికారీ ఒప్పుకోడు. మార్చి చూస్తే బయటపడే సంగతి ఇంకా ఘోరం: పట్టపుదేవి పతకానికి పోసిన బంగారానికి మూడింతలు మరిది మొలతాటికి పోశారు. పతకాలకైతే పచ్చలూ ముత్యాలూ పొదిగారని సర్దిచెప్పుకోవచ్చు. మొలతాటిలో రాళ్ల ప్రస్తావనే లేదు. మజూరీ, తరుగు వదిలేసి పదివేల మొహరీలనూ కరిగించి పేనితే నూట పది కిలోల మొలతాడు తేలుతుంది. కట్టుకున్న వారు కదలగలరా అన్నది మా పరిధిలోకి రాదు. తూకం వేసింది ఎవరన్నది వస్తుంది.

(ఒక పుస్తకంలో వరహాలున్న చోట ఇంకో పుస్తకంలో మొహరీలు ఉంటాయి. పాడేవాళ్లు తమకు అలవాటైనది పాడతారు. గాయకుడి గొంతును బట్టి ప్రభుత్వ నష్టం మూడింతలు పెరగడమో తగ్గడమో జరిగే కేసు బహుశా ఇదొక్కటే.)

అసలు దొరికిపోయింది మాత్రం రాముడి తలకు చేయించిన కలికి తురాయి దగ్గర. గోపుర మంటపాలకు ధర రాయలేదు, పోనీ పని ఇంకా నడుస్తోందనుకుందాం. తురాయి పూర్తయింది, పెట్టుకున్నారు, కులుకుతూ తిరుగుతున్నారు. అయినా ధర రాయాల్సిన గడిలో అంకె లేదు, ప్రశ్న ఉంది: ఎవరబ్బ సొమ్మని? ఖర్చు పెట్టిన ఉద్యోగి ఈ ప్రశ్న లబ్ధిదారుణ్ని అడగడం నిబంధనలకు విరుద్ధం. అది మేము ఉద్యోగిని అడగాల్సిన ప్రశ్న. పైగా వెంటనే రెండు పేర్లు సూచించాడు: నీ తండ్రి దశరథుడు పెట్టాడా, మామ జనకుడు పంపాడా అని. ఇలాంటప్పుడు ఆ ఇద్దరికీ లేఖలు రాసి నిర్ధారణ తెప్పించుకోవాలి. అయోధ్యకూ మిథిలకూ పంపిన లేఖలకు జవాబు రాకపోతే ‘నిర్ధారణ కాలేదు’ అని ఎర్ర సిరాతో రాసి ముందుకు పోవడమే.

ఆ తర్వాతి చరణం న్యాయశాఖకు పంపాల్సింది. తిట్టానని బాధపడకు, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టానంటాడు. కస్టడీలో ఇచ్చిన వాంగ్మూలాన్ని అదే కాగితం మీద, అదే ఊపిరిలో వెనక్కి తీసుకోవడం ఇక్కడే చూస్తాం.

జవాబు రాకపోతే ఏం చేయాలో మాత్రం ఈ ఉద్యోగికి బాగా తెలుసు. ముందు నేరుగా విన్నపం. కదలకపోతే ‘పలుకే బంగారమాయెనా’ అని గుర్తుచేసే లేఖ. (అందులోనూ బంగారమే, ఎన్ని వరహాలన్నది మళ్లీ రాయలేదు.) అప్పటికీ కదలకపోతే ‘నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి’ అని ఇంట్లోవాళ్ల ద్వారా. ఈ మూడో మెట్టు నేటికీ ఏ ఆఫీసులోనూ పాతబడలేదు.

ఇప్పుడు మొత్తం. నాణేల తేడా పట్టించుకోకుండా కూడినా లెక్క తేలింది యాభై వేలు. గోపన్న వాడుకున్నాడని జనం చెప్పుకునేది ఆరు లక్షలు. పన్నెండో వంతుకు లెక్క ఉంది, పదకొండు వంతులకు లేదు. అనుభవించిన శిక్ష పన్నెండేళ్లంటారు. ఆ దామాషా ప్రకారం ఒక ఏడాది తగ్గించి ఉండాల్సింది. ఎందుకు తగ్గించలేదో కోట అధికారులు వివరణ ఇవ్వాలి.

గడువుల్లోనూ తేడా కనిపిస్తోంది. తానీషా గద్దెనెక్కింది 1672లో, గోల్కొండ ఔరంగజేబుకు చిక్కింది 1687లో. పదిహేనేళ్లలో పన్నెండు జైలుకు పోతే మిగిలేవి మూడు. ఆ మూడేళ్లలోనే నియామకం, వసూలు, ప్రాకారం, గోపురం, మంటపాలు, నగలు! టెండరు లేదు, గడువు పొడిగింపు లేదు, అంచనాల సవరణ లేదు. ఇది సర్కారు పని కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సొమ్ము తిరిగి జమైన తీరు చూస్తే తల తిరుగుతుంది. రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు రాత్రిపూట, ఖజానా మూసిన వేళ, సుల్తాను పడకగదికే వచ్చి ఆరు లక్షలు నగదుగా పోసి రసీదు పట్టుకుపోయారని కథ. రెండు లక్షలూ ఆపైన నగదు పుచ్చుకోకూడదన్న నిబంధన మన దేశంలో 2017లో గానీ రాలేదు, తానీషా బతికిపోయాడు. కానీ కట్టినవారి వృత్తి, చిరునామా, ఆదాయ మార్గం? రసీదు తీసుకెళ్లి బాకీదారు తలకింద పెట్టారట. కార్యాలయ ప్రతి ఎక్కడ? అన్నిటికంటే ముఖ్యమైనది: రామోజీ వేషంలో వచ్చి కట్టింది రాముడే అయితే, గుడీ ఆయన సొమ్ముతోనే కట్టినట్టు. తురాయి గడిలోని ప్రశ్నకు ఆ రసీదే జవాబు. నికర నష్టం సున్నా. పన్నెండేళ్లను మాత్రం ఏ పద్దులో చూపాలో మా నియమావళిలో లేదు.

తానీషాకూ తర్వాత అదే గతి పట్టింది. దౌలతాబాద్ కోటలో బందీగా ఉండి అక్కడే పోయాడు. ఆయన పాట రాయలేదు గనుక ఆయన ఖర్చుల వివరాలు మా దగ్గర లేవు.

ఆఖరుగా భౌతిక తనిఖీ. గోల్కొండలో రామదాసు బందీఖానా ఉంది. గోడ మీద ఖైదీ చెక్కాడని చెప్పే బొమ్మలూ ఉన్నాయి, ప్రభుత్వ ఆస్తికి నష్టం కింద విడిగా నోటీసు ఇవ్వాలి. భద్రాచలంలో నగలు ఉన్నాయి, కల్యాణానికి బయటికి తీస్తున్నారు. ఏటా శ్రీరామనవమికి ప్రభుత్వమే ముత్యాల తలంబ్రాలు పంపుతోంది. ఆ ఆనవాయితీ పెట్టింది తానీషాయేనంటారు. అంటే ఫిర్యాదుదారు తానే ముద్దాయి పద్దును కొనసాగించాడు, ఇప్పటికీ ఏ సర్కారూ దాన్ని కోత పెట్టే సాహసం చేయలేదు.

ఆ కల్యాణంలో సీతమ్మకు మూడు మంగళసూత్రాలు. ఒకటి దశరథుడి తరఫున, ఒకటి జనకుడి తరఫున. పాటలో అడిగిన ఇద్దరూ ఇలా లెక్కకు వచ్చారు. మూడోది రామదాసు చేయించినది. దాని ధర, నాణెం పేరు పాటలో ఎక్కడా రాయలేదు. పేరా పెండింగు.