ఆగడం సైనికుడి పని కాదు

అమెరికాలో పాత సైనిక లారీలను కొని ముద్దుగా సాకుతున్న వారిలో కొందరు ఈ మధ్య వాటికి కొత్త బ్రేకులు అమర్చే దుస్సాహసానికి దిగుతున్నారు. చరిత్ర మీద గౌరవం ఉన్నవారెవరూ దీన్ని చూస్తూ ఊరుకోకూడదు. నేనైతే ఊరుకోదలచుకోలేదు.

గొడవంతా ప్రధానంగా ఎం35 అనే లారీ గురించి. 1950 ప్రాంతంలో రియో కంపెనీ మొదలుపెట్టింది. తరువాత స్టూడ్‌బేకర్, కైజర్ జీప్, ఏఎం జనరల్ కూడా తయారుచేశాయి. పేరుకు రెండున్నర టన్నుల లారీ. అయితే అది దారీతెన్నూ లేని చోట మోయాల్సిన బరువు. తారురోడ్డు మీద ఐదు టన్నులు ఎక్కించవచ్చు. ఏమీ ఎక్కించకపోయినా సొంత ఒళ్ళే ఆరు టన్నులకు దగ్గర. 1960ల నుంచి ఇందులో పెట్టిన మల్టీఫ్యూయల్ ఇంజన్ డీజిలు పోసినా, కిరోసిను పోసినా, విమాన ఇంధనం పోసినా, గతిలేకపోతే పెట్రోలు పోసినా నడుస్తుంది. కదలడానికి ఇన్ని దారులు ఆలోచించిన ఇంజనీర్లు ఆగడానికి మాత్రం ఒకే దారి పెట్టారు.

ఆ దారి ఇలా సాగుతుంది. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్ (ఆయిలును తోసే ప్రధాన సిలిండర్) నుంచి బ్రేక్ ఆయిలు ఎయిర్ ప్యాక్‌లోకి వెళ్తుంది. కంప్రెసర్ నింపిన గాలి అక్కడ ఆయిలుకు బలం కూర్చి చక్రాల దగ్గరి ఆరు బ్రేకు డ్రమ్ములకూ పంపుతుంది. మాస్టర్ సిలిండర్ ఒకటే, సర్క్యూట్ (ఆయిలు పారే దారి) ఒకటే. వెనక ఇరుసు మీద ఎక్కడో ఒక వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకును తోసే చిన్న సిలిండర్) సీలు చిరిగిందనుకోండి. ముందు చక్రాలకైనా బ్రేకు మిగులుతుందని ఆశించేవాడికి సమష్టి బాధ్యత అంటే తెలియదు. ఒకటి పోతే ఆరూ రాజీనామా చేస్తాయి. మన రాజ్యాంగం మంత్రివర్గానికి విధించిన ఆ నియమాన్ని ఇంత నిష్ఠగా పాటించిన వ్యవస్థను నేను చూడలేదు. హ్యాండ్ బ్రేకు ఉంది కదా అంటారు. ఉంది, ఇంజన్ బలాన్ని ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర షాఫ్టును పట్టుకునే ఒక డ్రమ్ము. ఆగి ఉన్న లారీ ఆగే ఉండేలా చూడటం దాని ఉద్యోగం. పరుగెత్తుతున్న లారీని పట్టుకోమంటే అది తన పరిధిలోకి రాదని చెప్పే గుమాస్తా లాంటిది.

చట్టం కూడా నా వైపే ఉంది. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్ల బ్రేకులకు రెండు విడివిడి సర్క్యూట్లు తప్పనిసరి. సైన్యం తన కొలతల ప్రకారం చేయించి నేరుగా కొనుక్కునే వాహనాలకు మాత్రం ఈ భద్రతా ప్రమాణాలేవీ వర్తించవని నిబంధనల్లోనే రాసి పెట్టారు. సబబే. పిల్లల్ని బడి దగ్గర దింపే కారు ఆగకపోతే ప్రమాదం అంటారు. శత్రువు వైపు వెళ్తున్న లారీ ఆగకపోతే పతకం ఇస్తారు. 1967లో వియత్నాంలో కాన్వాయ్‌ల మీద దాడులు పెరిగినప్పుడు ఇవే లారీలకు ఉక్కు పలకలు తొడిగి, మెషిన్‌గన్లు బిగించారు. ఆ బరువుకు లారీ ఉస్సూరన్నాక, ఐదు టన్నుల లారీల వైపు మళ్ళారు.

ఇంతటి చరిత్రను తుడిచేయడానికి సంస్కర్తలు చేస్తున్నదేమిటంటే, రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టి, ఎయిర్ ప్యాకులు కూడా రెండు చేసి, ముందు చక్రాలకొక దారి, వెనక చక్రాలకొక దారి వేయడం. ఒకటి పోయినా రెండోది కాస్తుందట. పూర్తిగా అపనమ్మకం మీద కట్టిన కాపురం.

సంప్రదాయవాదుల తీరు వేరు. వారు ఏది కారితే దాన్నే మారుస్తారు. మిగతా అయిదు సిలిండర్లూ దానితో పాటు పుట్టినవే అయినా, అవి ఇంకా ఫిర్యాదు చేయలేదు కదా! ఒక మూల కొత్త సీలు పడి పెడల్ గట్టిపడగానే ఒత్తిడి తరువాతి బలహీనుణ్ణి వెతుక్కుంటుంది. అలా ఏటా ఒక చక్రం చొప్పున విప్పుకునే భాగ్యం దక్కుతుంది. ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర నట్లు ఉంటాయి, అంటే మామూలు నట్లకు తిరగేసి తిప్పాలి. ఆ సంగతి తెలియక పెద్ద పైపు తగిలించి, ఇద్దరు వేలాడి, విప్పుతున్నామనుకుంటూ బిగించేవారిని చూస్తే దేశభక్తి ఉప్పొంగుతుంది. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదేవారూ ఉన్నారు. పాత బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చని వారికి చెప్పకండి, నొచ్చుకుంటారు. (నిజానికి చెప్పండి. ఇది వ్యంగ్యం కాదు.)

ఇక ఆయిలు. 1980ల్లో అమెరికా సైన్యం సిలికాన్ బ్రేక్ ఆయిలుకు మారింది. అది తేమను పీల్చదు. అంతకు ముందరి గ్లైకాల్ ఆయిలు పీలుస్తుంది, లోపల తుప్పు పట్టిస్తుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. డబ్బా దొరికింది కదా అని ఒకదాని మీద ఇంకొకటి పోసే యజమానికి మాత్రం సర్వమత సామరస్యం మీద గట్టి నమ్మకం. పైగా మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద, నేల మీది మూత చాటున ఉంటుంది. వంగి మూత తీస్తే తప్ప లోపల ఎంత ఉందో తెలియదు. తెలియకపోవడం వల్ల వచ్చే మనశ్శాంతిని రక్షణ శాఖ ఉచితంగానే ఇచ్చింది.

నా పక్షం వారిలో నాకు నచ్చే గుణం వారి నిజాయితీ. ఆకుపచ్చ రంగులో ఏ దశాబ్దపు ఛాయ సరైనదన్న దానిపై స్నేహాలు తెంచుకుంటారు. డమ్మీ మెషిన్‌గన్‌కు ఖర్చు వెనకాడరు. అదే లారీలో మెత్తని సీటు, ఫోను ఛార్జరు, కాఫీ కప్పు పెట్టుకునే గూడు, చెవులు చిల్లులు పడే రైలు హారను కనిపిస్తాయి. వీటిలో ఏదీ చరిత్రకు అడ్డు రాలేదు. రెండో సర్క్యూట్ మాట ఎత్తగానే మాత్రం వాళ్ళలోని పురావస్తు శాఖాధికారి మేల్కొంటాడు.

కాబట్టి నాదొక విన్నపం. అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగున ఊరేగింపులు జరుగుతాయి. అసలు బ్రేకుతో, అసలు గొట్టాలతో, ఎవరూ ముట్టుకోని అసలు సీళ్ళతో ఉన్న లారీలకు అందులో అగ్రస్థానం ఇవ్వాలి. వాటి ముందు బ్యాండు మేళాన్నీ బడిపిల్లల్నీ నడిపించడం గౌరవానికి తక్కువ. ఆ చోటు యజమానులకే కేటాయించాలి. లారీని వారి బావమరిది నడపాలి. దారి కాస్త పల్లంగా ఉంటే మరీ మంచిది.