జైలు నుంచొచ్చిన తండ్రులకు పని, పాఠాలు దండుగనా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

నాలుగు రోజుల సంది మా కాలనీ గ్రూపుల, పదో తరగతి బ్యాచ్ గ్రూపుల, ఆఖరికి మా బామ్మర్ది పెండ్లి కోసం పెట్టిన గ్రూపుల గూడ ఒకటే మెసేజ్ తిరుగుతుంది. జైలుకు పోయొచ్చినోళ్లకు నౌకర్లు ఇప్పిస్తం, మంచి తండ్రిగ ఎట్లుండాల్నో నేర్పిస్తం అని ప్రోగ్రాములు పెట్టుడు శుద్ధ దండుగ అట. అమెరికోళ్లే కోట్ల డాలర్లు పెట్టి చూస్తే ఫలితం సున్నా అట, పని దొరికినా మళ్ల జైలుకే పోతరట, తండ్రితనం క్లాసుల నేర్చేది కాదట, జైలుకు పోయిండంటే తప్పు చేసినట్టేనట, పైగా కష్టపడి చదువుకున్న మన పిల్లల నౌకర్లు వీళ్లకు పోతయట. కింద చేతులు జోడించిన బొమ్మ, పది మందికి పంపుమని.

నేను నల్లగొండ కోర్టుల ప్రాక్టీసు చేస్త. లీగల్ ఎయిడ్ పనిమీద జైలుకు పోయొస్తుంట. గ్రూపుల టైప్ చేద్దామనుకున్న గని పెండ్లి గ్రూపుల గొడవెందుకని ఇక్కడ రాస్తున్న, జెర ఓపిక పట్టి చదువుండ్రి.

"అమెరికాల పరీక్షించిండ్రు, ఫలితం సున్నా"

పరీక్షించిన మాట నిజమే. సున్నా అన్నది నిజం కాదు. అక్కడి ప్రభుత్వం కోసం మ్యాథమాటికా అనే సంస్థ నాలుగు తండ్రుల ప్రోగ్రాములను తీసుకుని 5,522 మంది పేద తండ్రుల మీద చూసింది. అండ్ల ముప్పావు వంతుకు దగ్గర దగ్గర మంది ఏదో ఒక కేసుల శిక్ష పడ్డోళ్లే. లాటరీ లెక్క రెండు గుంపులు చేసిండ్రు, ఒక గుంపుకు ప్రోగ్రాముల చోటు, ఇంకో గుంపుకు లేదు. ఏడాది తర్వాత రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి చూసిండ్రు, ఫలితాలు 2018ల వచ్చినయ్. ప్రోగ్రాముల చోటు దొరికిన గుంపు పిల్లలతోటి ప్రేమగ మెలుగుడు పెరిగింది, పిల్లల వయసుకు తగ్గ ఆటలు, చదివి వినిపించుడు అసొంటివి పెరిగినయ్. ఒక్క పనిల నిలబడి చేసిన కాలం గూడ కొంచెం పెరిగింది. సంపాదన పెరగలే, పిల్లలను నేరుగ కలుసుడు పెరగలే, ఇచ్చే పైసలు పెరగలే.

మెసేజ్ రాసినోడు ఆఖరు వాక్యం ఒక్కటి కత్తిరించుకుని మనకు పంపిండన్నట్టు. దాన్ని ఫలితం సున్నా అనుడంటే, పత్తి ధర రాలేదు కాబట్టి చేనే పండలేదని రాసినట్టు.

ఇంకో సంగతి, ఇది లెక్కలు తెలిసినోళ్లు గూడ మర్చిపోతరు. గసొంటి పరీక్షల చోటు దొరికిన ప్రతోన్నీ లెక్కల పెడతరు, పేరు రాయించుకుని ఒక్క క్లాసుకు గూడ రానోన్ని సుత. ఇవతల చోటు దొరకని గుంపుల ఉన్నోళ్లు ఊరికె కూసోరు, వేరే చోట ఎక్కడన్న సాయం దొరికితే తీసుకుంటరు. అంటే పోల్చింది ప్రోగ్రాం ఉన్నోన్ని, ఏమీ లేనోన్ని కాదు. ఇంత గట్టి జల్లెడ పట్టినంక గూడ కొంచెం మిగిలిందంటే ఆ కొంచెం చిన్నది కాదని నా ఉద్దేశం.

మా నాయిన కొత్త ఎరువు ఏదన్న వేస్తే చేన్ల రెండు సాళ్లు వెయ్యకుంట ఇడిచేటోడు. ఎందుకు నాయినా అంటే, వాన మంచిగ పడితే అన్నీ పండుతయ్ రా, ఎరువుతోటి పండిందో వానతోటి పండిందో ఎట్ల ఎరుకైతది అనెటోడు. ఆ రెండు సాళ్లు లేకుంట ఎవడు ఏ ప్రోగ్రాం గురించి పని చేసింది, చెయ్యలేదు అన్నా నేను నమ్మ.

"పని ఇచ్చినా మళ్ల జైలుకే"

ఇది పాత పాటే. 1974ల మార్టిన్సన్ అనే ఆయన 231 అధ్యయనాలు చూసి, ఖైదీలను మార్చే పద్ధతులల్ల చెప్పుకోదగ్గది ఏదీ కనపడలేదన్నట్టు రాసిండు, అది ప్రపంచమంత పాకింది. 1979ల అదే మనిషి, నేను తొందరపడ్డ, కొన్ని పనిచేస్తున్నయ్ అని మళ్ల రాసిండు. మొదటిది తిరిగినంత రెండోది తిరగలేదు. ఫార్వర్డులకు ఫోనే ఉండాల్నని లేదు.

ఇగ న్యూయార్క్‌ల సీఈఓ అనే సంస్థ ఉంది, పేరు చూసి కంపెనీ పెద్దసారు అనుకునేరు, జైలు నుంచి వచ్చినోళ్లకు వెంటనే పని చూపెట్టే సంస్థ అది. కొంతమందిని గుంపుగ చేసి ఊడ్చుడు, రంగులేసుడు, మరమ్మతులు అసొంటి పని, ఏ రోజు కూలి ఆ రోజే. మన అడ్డా కూలి లెక్కనే గని పైన సూపర్‌వైజర్ ఉంటడు, పక్క పొంటి వేరే నౌకరి ఎతికిపెడతరు. 2004, 2005ల 977 మందిని లాటరీ తీసి మూడేండ్లు చూసిండ్రు. మొదట్ల పని దొరికినోళ్ల సంఖ్య అమాంతం పెరిగింది, పెరగక ఏమైతది, పని ఇచ్చేది వాళ్లే కదా. ఆ పని అయిపోయినంక తేడా కరిగిపోయింది, బయట సొంతంగ నౌకరి దొరుకుట్ల రెండు గుంపులు ఇంచుమించు ఒకటే అయినయ్. ఇక్కడిదాంక చదివితే మెసేజ్ వాడిదే గెలుపు. గని మళ్ల నేరంల ఇరుక్కునుడు మాత్రం తగ్గింది, ముఖ్యంగ జైలు నుంచి విడుదలై మూడు నెలలు దాటకముందే చేరినోళ్లల్ల మంచిగ తగ్గింది. పెట్టిన ఖర్చు కన్న మిగిలిందే ఎక్కువని లెక్క గూడ కట్టిండ్రు.

నౌకరి నిలబడకున్నా నేరం ఎందుకు తగ్గింది? నాకైతే ఆ మొదటి నెలలే కీలకం అనిపిస్తది. బయటికొచ్చిన నాడు జేబుల ఏముంటది చెప్పుండ్రి. పాత దోస్తు బండేసుకుని గేటు కాడ నిలబడి ఉంటడు, ఇంట్ల మొఖం చూపెట్టబుద్ధి కాదు, ఆ రోజు ఎవడు అన్నం పెడితే వానెనక పోతడు. మాపటికి చేతిల కూలి పైసలుంటే ఆ మనిషి ఇంటికి పోయే తొవ్వ వేరుంటది.

మరి వ్యతిరేకంగ వచ్చింది దాయను. చికాగో, డెట్రాయిట్, మిల్వాకీ, సెయింట్ పాల్, ఈ నాలుగు ఊర్లల్ల 1,800 పైచిలుకు మంది మీద ఇసొంటిదే చేస్తే అక్కడ మళ్ల జైలుకు పోవుడు తగ్గలే, సొంత నౌకరీ పెరగలే. అయితే అది 2007, 2008ల మొదలైంది, అమెరికాల నౌకర్లు ఊడుతున్న టైం. పైగ అక్కడ రెండో గుంపును ఊరికె ఇడిచిపెట్టలే, వాళ్లకు నౌకరి ఎతికే సాయం ఇచ్చిండ్రు. ఆ ఫలితం ఫలితమే, కాదన. కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల చెయ్యలేదు అన్నది వేరు, ఎక్కడా చెయ్యదు అన్నది వేరు.

వయసు సంగతి గూడ ఉంది. 1970లల్ల అక్కడ జరిగిన పాత పని పథకం లెక్కలను అగ్గెన్ అనే పరిశోధకుడు తిరగేసి 2000ల రాసిండు: పని దొరికితే నేరం వదిలినోళ్లు ఎక్కువ 27 ఏండ్లు, ఆ పైబడినోళ్లు, అంతకన్న చిన్న పోరగాళ్ల మీద ఆ పని అంతగ ఏం చెయ్యలే. ఆ 27 దాటినోళ్లల్ల మన దిక్కు పిల్లలు లేనోళ్లు ఎంతమంది ఉంటరు?

మా వైపోళ్లు, అంటే ఈ ప్రోగ్రాములు కావాలనేటోళ్లు, చేసే తప్పు ఒకటి చెప్త, లేకపోతే నాది ఏకపక్షం అయితది. మన తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు నడుపుతది, ఖైదీలు, విడుదలైనోళ్లు అండ్ల పనిచేస్తరు. మంచి పని, నేను గూడ ఆడ ఆగి పెట్రోల్ పోయించుకుంట. గని, సూడు బంకుల పనిచేసినోళ్లు ఎంత మంచిగున్నరో, పథకం హిట్ అంటే ఒప్పుకోను. ఎవర్ని పడితే వాళ్లను తెచ్చి రోడ్డు మీద బంకుల నిలబెట్టరు, నడవడిక చూసి ఏరుతరు. ఏరిన గింజలు మొలకెత్తినయంటే అది గింజ గొప్పనా, నీళ్ల గొప్పనా? నాయిన చెప్పిన రెండు సాళ్లు ఇక్కడ లేవు.

"తండ్రితనం క్లాసుల నేర్చేది కాదు"

ఇది చదివినప్పుడు నాకు ఒక ములాఖత్ యాదికొచ్చింది. దేవరకొండ దిక్కు మనిషి, దొంగతనం కేసు, రిమాండ్ల ఉన్నడు. భార్య ఒక్కతే వచ్చింది. పిల్లలేరీ అన్నడు. బొంబాయి పనికి పోయిండని చెప్పిన, ఇక్కడికి తెస్తే ఎట్ల అన్నది ఆమె. ఆయన కొంచెంసేపు ఊకున్నడు, తర్వాత, అయితే బొంబాయి నుంచి ఏం తెమ్మంటున్నరు అని అడిగిండు.

ఆ మనిషికి ప్రేమ నేర్పాల్సిన పనిలేదు. గని బయటికొచ్చినంక ఏడేండ్ల బిడ్డకు ఏం చెప్పాలె, అబద్ధం ఎట్ల ఇప్పాలె, నువ్వెవరు నాకు చెప్పనీకి అని పెద్దోడు ఎదురు తిరిగితే చెయ్యి లేపకుంట ఎట్ల నిలబడాలె, ఇవి మాత్రం ఎవరన్న కూసోబెట్టి మాట్లాడితే వస్తయ్. అమెరికా పరీక్షల పెరిగింది గూడ సరిగ్గ ఇసొంటిదే, పిల్లలతోటి మెలిగే తీరు. పెరగనిది కలుసుకునే రోజులు. అక్కడ చానమంది తండ్రులు పిల్లల తల్లి నుంచి విడిగ ఉంటరు, కలువాల్నంటే ఆమె ఒప్పుకోవాలె, లేకుంటే కోర్టు. అది క్లాసు చేతిల లేదు. మన దిక్కు అయితే ఎక్కువ శాతం అదే ఇంటికి తిరిగొస్తడు, కాబట్టి ఆ ఫలితాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్టు మోసుకొచ్చుడు గూడ తప్పే, మంచికైనా చెడుకైనా.

"జైలుకు పోయిండంటే తప్పు చేసినట్టే"

దీనికి ఎక్కువ రాయ. ఎన్‌సీఆర్‌బీ, అంటే దేశంల నేరాల లెక్కలు రాసే కేంద్ర సంస్థ, లెక్క ప్రకారం 2022 ఆఖరుకు దేశంల జైళ్లల్ల 5,73,220 మంది ఉంటే అండ్ల 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే 75.8 శాతం. శిక్ష ఇంకా పడనోళ్లు. అండ్ల ఎంతమంది రేపు కేసు కొట్టేస్తే ఇంటికి పోతరో, గని ఊర్ల పేరు మాత్రం జైలుకు పోయొచ్చినోడనే. ప్రొబేషన్ చట్టం 1958ల వచ్చింది, దాని 12వ సెక్షన్ కింద ప్రొబేషన్ మీద, అంటే జైల్ల పెట్టకుంట మంచిగుండాలె అన్న షరతు మీద ఇడిచినోనికి, తప్పు రుజువైందని చట్టం ప్రకారం వచ్చే అనర్హత అంటదు. 2016ల అవతార్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు, చిన్న వయసుల జరిగిన చిన్నచిన్న కేసులను నౌకరి ఫారంల దాచిపెట్టినా గూడ యజమాని విచక్షణతోటి మన్నించొచ్చు అన్నది. చట్టానికి ఉన్నంత పెద్ద మనసు మన గ్రూపు అడ్మిన్‌కు లేకపాయె.

"మన పిల్లల నౌకర్లు పోతయ్"

పోయేంత సీను లేదు. మిల్వాకీల డెవా పేజర్ అనే ఆమె ఒకే తీరు చదువు, ఒకే తీరు మాట ఉన్న పోరగాళ్లను నౌకర్లకు పంపి 2003ల రాసింది: తెల్లోళ్లల్ల నేరం రికార్డు లేనోన్ని 34 శాతం చోట్ల మళ్ల పిలిస్తే రికార్డు ఉందన్నోన్ని 17 శాతమే పిలిచిండ్రు, నల్లోళ్లల్ల అది 14, 5. మన దగ్గర ఇట్ల పంపి చూడాల్సిన అవసరం గూడ లేదు, జడ్చర్ల దిక్కు ఫార్మా కంపెనీల గేటు కాడ గని, చౌటుప్పల్ ఫ్యాక్టరీల గని పోలీస్ వెరిఫికేషన్ పేపర్ అడిగినంక ఆ మనిషి ఆడ నిలబడతడా?

ఏ కాయితం అడగకుంట తీసుకునేటోడు మన పాలమూరుల ఒక్కడే, గుంపు మేస్త్రీ. అడ్వాన్సు చేతిల పెడతడు, కేసు ఉందా లేదా అని అడగడు, బస్సెక్కిస్తడు. అంటే జైలు నుంచొచ్చిన తండ్రికి సులువుగ దొరికే పని, ఆ మనిషిని పిల్లల నుంచి మళ్ల దూరం తీస్కపోయే పని. నౌకరి దొరికిందా అని ఫారంల గడి పెడితే అవును అని టిక్కు పడతది, అదే గడియకు తండ్రి ఇంట్ల ఉండడు. ఇది అమెరికా రిపోర్టులల్ల దొరకదు, మనమే చూసుకోవాలె.

అందుకే రేపు నల్లగొండల గని పాలమూరుల గని ఎవరన్న ఇసొంటి ప్రోగ్రాం పెడితే, చోట్లు యాభై ఉండి అడిగినోళ్లు వంద మంది అయితే, చిట్టీలు తీసి యాభై మందికి ఇయ్యుండ్రి. ఏడాది తర్వాత వంద మంది ఇండ్లకూ పోయి అడుగుండ్రి, మధ్యల మానేసినోళ్లను గూడ వదలకుంట. ఎంత సంపాదించిండు అని ఒక్కటే కాదు, పోయిన నెల ఎన్ని రాత్రులు ఇంట్ల పండుకున్నడు, పిల్లలను బడికి ఎవరు తోలిండ్రు, పేరెంట్స్ మీటింగుకు ఎవరు పోయిండ్రు. భార్యను వేరుగ అడుగుండ్రి, మొగోని ముందట కాదు.

ఇదంత సగం రాసి మా బ్యాచ్ గ్రూపుల పెట్టిన. ఒకడు దండం ఎమోజీ పెట్టిండు. ఇంకొకడు అదే ఫార్వర్డ్ మళ్ల పంపిండు.