ఖజార్ల రాజ్యానికి ఒక్క రంగు చాలదు

విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లల్లో కొందరికి మధ్యయుగాల ప్రపంచం పాఠ్యపుస్తకం కంటే ముందే వీడియో గేమ్‌లో పరిచయమవుతోంది. స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థ తయారుచేసిన ‘క్రూసేడర్ కింగ్స్’ వరుసలో మూడవ ఆట 2020లో వచ్చింది. 867, 1066 వంటి సంవత్సరాల్లో ఒకదాన్ని ఎంచుకొని, ఒక రాజవంశాన్ని తరాల తరబడి నడిపించడమే అందులో ఆడేవారి పని. ఐర్లండ్ నుంచి మన వేంగి దాకా ఆ పటంలో ఉన్నాయి. నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ ఉత్తరాన, స్టెప్పీ మైదానాల్లో, ఖజార్ల రాజ్యం కూడా ఉంది. దాని పాలకులు యూదు మతం స్వీకరించారని చెబుతారు. ఖజార్ల మతాన్ని ఆటలో ఎలా చూపాలన్న ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే: పాలకుల ఇంటి మతాన్నీ, న్యాయస్థానాల మతాన్నీ, సైన్యం మతాన్నీ, సామాన్య జనం మతాన్నీ విడివిడిగా చూపాలి. ఆట పటం మీద రాజ్యమంతటికీ యూదు రంగు పులిమినా, ఆ రంగును పూర్తిగా తుడిచేసినా చరిత్రకు అన్యాయం చేసినట్టే.

ఖజార్లు తురుష్క జాతికి చెందిన అర్ధసంచారులు. ఏడవ శతాబ్దం నడుమ నుంచి పదవ శతాబ్దం దాకా, సుమారు మూడు వందల ఏళ్లు, వోల్గా దిగువ ప్రాంతాన్నీ ఉత్తర కాకసస్‌నూ ఏలారు. అరబ్బు ఖలీఫాలతో యుద్ధాలు చేశారు, బైజాంటియం చక్రవర్తులతో వియ్యమందారు. వోల్గా ముఖద్వారం దగ్గరి ఇతిల్ వారి రాజధాని. ఉత్తరాది నుంచి బొచ్చు జంతువుల తోళ్లూ బానిసలూ, దక్షిణాది నుంచి వెండి దిర్హాములూ చేతులు మారే ఆ రేవులో సుంకాలే ఖజానాకు ప్రాణం. ఇన్ని దేశాల వర్తకులు కలిసే చోట ఒకే మతం ఉండాలని ఎవరూ పట్టుబట్టలేదు.

పదవ శతాబ్దపు అరబ్బు రచయిత మసూదీ ఇతిల్ నగరంలోని న్యాయవ్యవస్థను వర్ణించాడు. మొత్తం ఏడుగురు న్యాయాధికారులు ఉండేవారు. ముస్లిములకు ఇద్దరు, యూదుల ధర్మగ్రంథమైన తోరా ప్రకారం తీర్పు చెప్పేందుకు ఖజార్లకు ఇద్దరు, క్రైస్తవులకు ఇద్దరు, స్లావులకూ రూస్‌లకూ ఇతర అన్యమతస్థులకూ కలిపి ఒకరు. రాజు, ఆయన పరివారం, ఖజార్ కులీనులు యూదు మతస్థులని కూడా మసూదీ స్పష్టంగా రాశాడు. అదే రాజు కొలువులో అంగరక్షక దళం ముస్లిములది. వారు మధ్య ఆసియాలోని ఖ్వారజ్మ్ వైపు నుంచి వలస వచ్చినవారు. రాజు ముస్లిములతో యుద్ధానికి దిగితే తాము ఆయుధం పట్టబోమని ముందే షరతు పెట్టుకుని కొలువులో చేరారు. మంత్రి కూడా వారిలోనివాడే. ఇంత బేరసారాలతో, ఇంత లౌక్యంతో నడిచిన రాజ్యాన్ని పటం మీద ఒకే రంగుతో నింపడం నాకు మింగుడుపడదు.

దాదాపు అదే కాలంలో రాసిన భూగోళ రచయిత ఇస్తఖ్రీ ఇంకో సంగతి చెప్పాడు. ఇతిల్ బజారులో ఒక యువకుడు రొట్టెలు అమ్ముకునేవాడట. ఖజార్ల పవిత్ర అధిపతి అయిన ఖగన్ చనిపోతే ఆ పీఠానికి ఇతని కంటే హక్కుదారు లేడని జనం చెప్పుకునేవారు. కానీ అతను ముస్లిం. యూదు మతస్థుడు కానివాడికి ఖగన్ పదవి ఇవ్వరు కాబట్టి రొట్టెలమ్ముతూ ఉండిపోయాడు. ఈ చిన్న కథనంలో ఆట రూపకర్తలకు కావలసిన సూత్రమంతా ఉంది. వంశం ఒకటే అయినా అందులో మతాలు వేరుగా ఉండవచ్చు. పీఠానికి మాత్రం మత నిబంధన ఉంది. ఆ నిబంధన బజారులోని మనిషి వృత్తికి గాని, అతని గౌరవానికి గాని అడ్డురాలేదు.

ఇప్పుడు ఆటలోని నియమాన్ని చూడండి. ప్రతి పాత్రకూ ఒకే మతం, ప్రతి కౌంటీకీ, అంటే పటంలోని ప్రతి చిన్న ప్రాంతానికీ, ఒకే మతం. రాజు తన పురోహితుణ్ణి ఒక కౌంటీకి పంపితే కొన్నేళ్లకు ఆ కౌంటీ రంగు మారిపోతుంది. పాలకుడే మతం మారదలిస్తే కూడబెట్టుకున్న భక్తి పాయింట్లు ఖర్చుపెట్టి ఒక బటన్ నొక్కితే సరిపోతుంది. ఐరోపా పశ్చిమ భాగానికి ఈ నియమం ఏదో విధంగా ఒదుగుతుందేమో గాని, ఇతిల్‌కు ఒదగదు. ఖజార్ సామాన్యుల్లో చాలామంది తురుష్కుల పాత ఆచారాలే పాటించారని అరబ్బు రచయితలు చెప్పారు. తవ్వకాల్లో యూదు చిహ్నాలు బహు అరుదుగా దొరకడం కూడా ఆ మాటకు బలమిస్తుంది. రాజుకు యూదు మతం ఇచ్చి కౌంటీలకు తురుష్కుల ఆకాశదేవుడైన తెంగ్రీ ఆరాధన ఇవ్వడం కొంత మెరుగే. కాని అప్పుడు ఆట లెక్కలో అది సరిదిద్దవలసిన లోపంగా, ప్రజా అసంతృప్తికి కారణంగా మారుతుంది. ఖజార్లకు అది లోపం కాదు, రాజ్యం నిలిచిన పద్ధతే అది.

మతం మారిన కాలం గురించి కూడా ఆట నిజాయితీగా ఉండాలి. మసూదీ దాన్ని ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలానికి, అంటే 786–809 మధ్యకు ముడిపెట్టాడు. స్వీడన్‌కు చెందిన గోట్లండ్ ద్వీపంలో 1999లో బయటపడ్డ స్పిల్లింగ్స్ నిధిలో ఒక వెండి దిర్హాం దొరికింది. అచ్చం అరబ్బు నాణెం లాగే ఉన్న దాని మీద, ముహమ్మద్ పేరు ఉండవలసిన చోట ‘మూసా (మోషే) దైవప్రవక్త’ అని అరబ్బీలో ఉంది. ఇది 837–838 నాటి ఖజార్ ముద్రణ అని నాణేల నిపుణులు నిర్ణయించారు. అరబ్బు వర్తకుడు చేతిలోకి తీసుకుని తూచి పుచ్చుకునే నాణెం మీదే తమ మతాన్ని, అదీ అతనికి అర్థమయ్యే భాషలో, అతను కూడా కాదనలేని ప్రవక్త పేరుతో చాటుకోవడం ఎంతటి రాజనీతి! ఆటలో ఖజార్ రాజుకు ఇలాంటి నాణెం ముద్రించే అవకాశం ఇస్తే, బటన్ నొక్కి మతం మార్చడం కంటే వెయ్యి రెట్లు ఎక్కువ బోధపడుతుంది. ఆ తర్వాతి శతాబ్దంలో, 950ల ప్రాంతంలో, స్పెయిన్‌లోని కొర్డోబాలో ఖలీఫా కొలువులో ఉన్న యూదు ప్రముఖుడు హస్దాయ్ ఇబ్న్ షప్రుత్‌కు ఖజార్ రాజు యోసేపు రాసినట్టుగా ఒక హీబ్రూ లేఖ దక్కింది. బులాన్ అనే పూర్వికుడు మతం స్వీకరించాడనీ, ఆ తర్వాత ఓబద్యా అనే రాజు ప్రార్థనా మందిరాలు కట్టించి పండితులను రప్పించాడనీ అందులో ఉంది. అంటే వారి దృష్టిలో కూడా అది ఒక్క రోజులో ముగిసిన పని కాదు, తరాల మీదుగా సాగినది. మతమార్పిడి అసలు జరగలేదని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. వారి వాదన కంటే పైన చెప్పిన సాక్ష్యాల బలమే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. అయితే ఆ వాదన ఉందన్న సంగతిని ఆటలోని పరిచయ వాక్యాల్లో పేర్కొనడం సబబు.

ఇక జంట పాలన. ఖగన్ పవిత్రుడు, జనానికి అరుదుగా కనిపించేవాడు; సైన్యాన్నీ వ్యవహారాలనూ నడిపేది బెక్. పట్టాభిషేక సమయంలో ఖగన్ మెడకు పట్టు వస్త్రం బిగించి, ఊపిరాడని స్థితిలో ఎన్నేళ్లు ఏలుతావని అడిగేవారనీ, చెప్పిన గడువు దాటితే చంపేవారనీ ఇస్తఖ్రీ రాశాడు. రాజు బాలుడైనా అశక్తుడైనా రాజ్యభారం వహించే రీజెంట్ ఏర్పాటు ఈ ఆటలో 2023 నుంచే ఉంది. దాన్ని ఇక్కడ యథాతథంగా వాడితే తప్పు. ఖగన్ అశక్తుడు కాడు, బెక్ తాత్కాలికుడు కాడు. ఇద్దరివీ శాశ్వత పదవులుగా పెట్టి, మతపరమైన గౌరవమంతా ఒకరికీ ఆజ్ఞాధికారమంతా మరొకరికీ ఇస్తేనే ఆ రాజ్యం ఆటలో ఊపిరి పోసుకుంటుంది.

ఈ మాటల్లో మనకూ సంబంధం ఉంది. యోసేపు లేఖ రాసిన దశాబ్దాల్లోనే వేంగిని తూర్పు చాళుక్య రాజు రెండవ అమ్మరాజు ఏలుతున్నాడు. ఆ శైవ రాజు, చామెకాంబ అనే స్త్రీ విన్నపం మీద, అత్తిలినాడులోని కలుచుంబర్రు గ్రామాన్ని సర్వలోకాశ్రయ జినభవనానికి దానం చేశాడు. ఆట నియమం ప్రకారం ఆయనకు ఒకే మతం గుర్తు తగిలిస్తే ఆ తామ్రశాసనం మాట వినబడదు. మన రాజుల విషయంలో మనకు కలిగే ఆ అసంతృప్తే ఖజార్ల విషయంలోనూ కలగాలి.

ఆట ఆటే కదా, ఇన్ని చిక్కుముళ్లు పెడితే ఎవరు ఆడతారు అని అడిగేవారికి నేను విరోధిని కాను. సరళీకరణ లేనిదే పటం గీయలేం. కాని వారసత్వ చట్టాలకూ సామంతుల ఒప్పందాలకూ అన్నేసి పొరలు పెట్టిన ఆటకు మతంలో నాలుగు పొరలు భారమవుతాయని అనుకోను. 922 నాటి ఘటన ఒక్కటి చాలు. ముస్లిం ప్రాంతంలో ఒక సినగాగ్‌ను (యూదుల ప్రార్థనా మందిరాన్ని) కూల్చారన్న వార్త విని ఖజార్ రాజు ఇతిల్‌లోని మసీదు మినారును పడగొట్టించాడు, నమాజుకు పిలిచే మౌజన్లను చంపించాడు. ముస్లిం దేశాల్లో ఒక్క సినగాగ్ కూడా మిగలదన్న భయం లేకపోతే మసీదునే కూల్చేవాణ్ణని అన్నాడట. అరబ్బు యాత్రికుడు ఇబ్న్ ఫద్లాన్ పేరు మీద మనకు దక్కిన కథనం ఇది. ప్రతీకారం, భయం, దూరదేశపు స్వమతస్థుల పట్ల బాధ్యత, ఇంటి ముంగిట ఉన్న ముస్లిం అంగరక్షకులు – ఆడేవారి ముందు పెట్టడానికి ఇంతకంటే మంచి నిర్ణయం ఏముంటుంది?

చివరి విషయం నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. తూర్పు ఐరోపా యూదులంతా ఖజార్ల సంతతేనన్న సిద్ధాంతాన్ని జన్యు పరిశోధనలు సమర్థించలేదు. అయినా యూదు ద్వేషులు దాన్ని ఇప్పటికీ వాడుకుంటున్నారు. అందుకని ఖజార్లను ఆటలోంచి తప్పించమని నేను అనను. ఖాళీ వదిలిన చోటును నింపడానికి అబద్ధాలు చెప్పేవారు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. 965లో రూస్ రాజు స్వ్యతస్లావ్ ఖజార్ల సార్కెల్ కోటను పట్టుకున్నాక, ఇతిల్ కూడా పడిపోయాక ఖజార్ ప్రజలు చుట్టుపక్కల జాతుల్లో, మతాల్లో కలిసిపోయే దారులను ఆట చూపాలి. వారిని పశ్చిమానికి నడిపించి జర్మనీ, పోలండ్‌ల యూదులుగా మార్చే ఘట్టాన్ని మాత్రం ఏ రూపంలోనూ పెట్టకూడదు. ఆటకు సొంతంగా మార్పులు రాసుకునే మన కుర్రవాళ్లకూ నేను చెప్పేది ఇదే.